పిక్ పద్ధతి: పాత యంత్రములోని లెక్కలు

పిక్ అనగానే మన గుడియాత్తం లుంగీ నేతగాండ్రకు పేకపోగే తోచును. అంగుళమునకు ఎన్ని పిక్కులని ఎంచుట మనకలవాటు. అదే పేరుతో వ్యాపార లెక్కలకై ఏర్పడిన కంప్యూటరు పద్ధతి యొకటి కలదు. మన సంఘములవారు దానిని కొంత ఎరిగియుండుట మేలు.

1965లో అమెరికాలోని టి.ఆర్.డబ్ల్యు. కంపెనీలో రిచర్డ్ పిక్, డాన్ నెల్సన్ అనువారు సైన్యపు షయాన్ హెలికాప్టరు విడిభాగముల లెక్కకై దీనిని కల్పించిరి. 1973లో మైక్రోడేటా కంపెనీ దీనిని రియాలిటీ అను పేర విక్రయించెను.

దీని పోకడ మన ఆవర్జా వంటిది. ఒక నేతగాని పుటలో పేరు, మగ్గముల సంఖ్య, నూలు ఇచ్చిన తేదీలు, తూకములు అన్నియు ఒకేచోట నుండును. నూలు మూడుమారులు ఇచ్చినచో మూడు తూకములును ఒకే గడిలో వరుసగా నిలుచును. ఇతర పద్ధతులు పెక్కింట నూలు పద్దులను వేరు పట్టికలో వ్రాసి, సభ్యుని నంబరుతో ముడివేయవలెను.

ప్రతి దస్త్రమునకు ఒక నిఘంటువు ఉండును. ఏ గడిలో ఏమున్నదో, దానినెట్లు చదువవలెనో అది తెలుపును. ఇదియే ముఖ్యము. పిక్ తేదీని దినముల లెక్కగా దాచును. 1967 డిసెంబరు 31 సున్న. 10000 అని యున్నచో 1995 మే 18 అని అర్థము. సొమ్మును సాధారణముగా చుక్క లేకుండ దాచుదురు. 12550 అని కనబడిన కూలి 125 రూపాయల 50 పైసలు కావచ్చును. నిఘంటువు విడిచి అంకెలు మాత్రము తీసికొన్నవాడు నేతగాని బాకీని నూరు రెట్లుగా చదువగలడు.

ఈ పద్ధతిని గురించి తెలిసికొనుట కొంత కష్టము. పిక్ అని మాత్రము వెదకిన పేకపోగుల సంగతులును వచ్చును. పైగా కంపెనీకొక పేరు పెట్టిరి. రియాలిటీ, యూనివర్స్, యూనిడేటా, డి3, జెబేస్ అన్నియు ఒక వంశములోనివే. మల్టీవాల్యూ అనునది వీనికి ఉమ్మడి పేరు. యంత్రముతో వచ్చిన పుస్తకముపైనను, తెరపైనను కనబడు పేరును వ్రాసికొని, ఆ పేరుతో వెదకవలెను.

వేలూరు, గుడియాత్తం ప్రాంతములలో ఏ సంఘమువారైనను, నూలు వర్తకులైనను ఇట్టి యంత్రమును పాత సామానుల క్రింద అమ్మకముందు మూడు పనులు చేయవలెను:

1. పద్ధతి పేరు వ్రాసికొనుట.
2. దస్త్రములతోపాటు నిఘంటువులకును నకలు తీయించుట.
3. పదిమంది సభ్యుల ఖాతాలను వారి పాసుపుస్తకములతో సరిచూచుట.

కాగితపు ఆవర్జా చినిగిపోయినచోట పొదుపు నిధికి ఆ యంత్రమే సాక్షి. నేత కుటుంబములవారు కూడ తమ పాసుపుస్తకములను, కూలి చీటీలను భద్రముగా నుంచుకొనవలెను. లెక్క తేలువేళ అవియే అక్కరకు వచ్చును.