పింజ లాగి చూసినట్టు బూటునూ చూడండి

తోలు బూట్లు, చెప్పుల మీద ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఆదోని, ఎమ్మిగనూరు వైపు నుంచి వచ్చినవే ఎక్కువ. ఆ నేల తీరు, ఆ ఎండ తీరు వేరు. అందుకే వాటన్నిటికీ ఒకచోటే జవాబులు రాస్తున్నాను.

సందేహం: ఆదోని మార్కెట్ యార్డులో పత్తి కమీషన్ వ్యాపారం నాది. ప్యూర్ లెదర్ అని చెబితే రూ.3,500 పెట్టి బూట్లు కొన్నాను. ఎనిమిది నెలలు తిరక్కముందే వేళ్ల దగ్గర పొరలు లేచిపోయాయి. తోలు ఇలా లేస్తుందా? కొనేటప్పుడు ఎలా కనిపెట్టాలి?

జవాబు: తోలుకు ముడత పడుతుంది, గీత పడుతుంది, ఎండితే పగులు పడుతుంది. పొట్టు మాత్రం లేవదు. మీ బూటు మీద లేచింది ప్లాస్టిక్ పూత. పశువు చర్మాన్ని మందంలో రెండు మూడు పొరలుగా కోస్తారు. వెంట్రుకలు ఉండే పై పొరలో నారలు బిగువుగా అల్లుకుని ఉంటాయి, బలమంతా దానిదే. కింది పొర వదులుగా, నూగునూగుగా ఉంటుంది. దాని మీద పూత పోసి, పై తోలులా కనబడేట్టు అచ్చు వేస్తారు. అదీ తోలే కాబట్టి అంగడివాళ్లు చెప్పింది అబద్ధమని అనలేం. కానీ మీరు ఇచ్చిన డబ్బుకు రావలసిన తోలు అది కాదు.

బోరెం పైన తెలుపు చూసి మీరు పత్తికి ధర కట్టరు కదా. లోపలి నుంచి గుప్పెడు తీసి, వేళ్లతో పింజ లాగి చూస్తారు. బూటునూ అలాగే చూడండి. నాలుక అంచు, లేసు రంధ్రాల వెనకవైపు తిప్పి చూస్తే కోసిన చోటు బయటపడుతుంది. తోలైతే నారలుంటాయి, రెగ్జిన్ అయితే బట్ట అల్లిక కనబడుతుంది. వేళ్లు మడిచే చోట బొటనవేలితో నొక్కండి. మంచి తోలు మీద సన్నటి గీతలు వేలి చుట్టూ పరుచుకుని, వేలు తీయగానే సర్దుకుంటాయి. పూత తోలు ఒకే మడతగా ముడుచుకుంటుంది. వాసనను నమ్మొద్దు, దాన్ని కూడా పూసి అమ్మవచ్చు.

ఇంకొక ఆధారం ఉంది. చాలా బూట్లకు నాలుక లోపలో, అడుగునో చిన్న గుర్తులు ఉంటాయి. 1994లో యూరప్ దేశాలు పెట్టుకున్న నియమం ప్రకారం వచ్చినవి అవి. నాలుగు కాళ్లూ చాపి పరిచిన చర్మం బొమ్మ ఉంటే తోలు. ఆ బొమ్మ మధ్యలో డైమండు ఉంటే పూత తోలు. ఒట్టి డైమండు ఉంటే తోలూ కాదు, బట్టా కాదు. పై భాగానికి, లోపలి లైనింగుకు, అడుగుకు వేరువేరుగా గుర్తులు వేస్తారు. పైన తోలు గుర్తు ఉండి లోపల డైమండు ఉన్న బూటులో ఎండాకాలం కాలు ఉడికిపోతుంది.

ఇవన్నీ చూశాక అడుగు చూడండి. నా మటుకు నేను అన్నిటికంటే ముందు చూసేది అదే. పై తోలుకూ అడుగుకూ మధ్య చుట్టూ తోలు పట్టీ పెట్టి, దాని మీదుగా కుట్టిన బూటు కొంచెం ఖరీదే. కానీ అడుగు అరిగిన రోజున చెప్పులు కుట్టేవారు ఆ కుట్టు విప్పి కొత్త అడుగు వేసి మళ్లీ కుట్టగలరు. అలా కనబడేట్టు ఉత్తుత్తి కుట్టు అచ్చు వేసినవీ ఉంటాయి. దారం అడుగు భాగంలోనూ కనబడుతోందో లేదో బోర్లించి చూడండి. విప్పి బాగుచేయడానికి వీలున్న బూటుకే ఎక్కువ డబ్బు పెట్టండి.

సందేహం: ఎమ్మిగనూరులో మాది మగ్గం ఇల్లు. బ్యాంకు ఉద్యోగం ఇంటర్వ్యూకు మొదటిసారి బూట్లు కొంటున్నాను. నా పాదాలు వెడల్పు. 8 నంబరు వేళ్లను నొక్కేస్తోంది, 9 వేస్తే మడమ జారుతోంది.

జవాబు: నాయనా, చిన్నప్పటి నుంచీ వట్టి కాళ్లతో తిరిగినవాళ్లకు వేళ్లు విచ్చుకుని ఉండటం మామూలే, అది లోపం కాదు. ఒక నంబరుకూ తర్వాతి నంబరుకూ పొడవులో తేడా అంగుళంలో మూడో వంతు. నీకు కావలసింది పొడవు కాదు, వెడల్పు. సాయంత్రం పూట, పాదాలు కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, కాగితం మీద నిలబడి రెండు పాదాల చుట్టూ పెన్సిల్‌తో గీయించుకో. కత్తిరించి అంగడికి తీసుకుపో. ఆ కాగితాన్ని బూటు అడుగు మీద పెట్టు. పక్కలకు పొర్లితే ఆ బూటు ఎంత అందంగా ఉన్నా వద్దు. లేసు రెక్కలు పైనుంచి కుట్టి, బాగా విచ్చుకునే రకాన్ని డెర్బీ అంటారు. వెడల్పు పాదానికి అదే నప్పుతుంది. అడుగు రబ్బరుదే తీసుకో. ఇంటర్వ్యూకు వారం ముందు నుంచి రోజూ గంటసేపు ఇంట్లోనే వేసుకుని తిరుగు. ఆ రోజే కొత్తవి వేసుకుంటే ధ్యాసంతా కాళ్ల మీదే ఉంటుంది.

సందేహం: కోసిగి వైపు పల్లెలో టీచరుగా పనిచేస్తున్నాను. వాన పడితే నల్లరేగడి మట్టి బూటును పట్టుకుని వదలదు. ఎండలో ఆరబెట్టి, కొబ్బరినూనె రాస్తున్నాను. ఆ తర్వాత తెల్లగా బూజులాంటిది వస్తోంది.

జవాబు: మీ బూట్లకు మట్టి చేసిన చెడు కంటే ఎండ చేసినదే ఎక్కువ. రేగడి మట్టి నీళ్లు తాగి ఉబ్బుతుంది, ఎండితే బిగుసుకుంటుంది. మీ చేలల్లో వేసవిలో పడే నెర్రెలు చూస్తూనే ఉంటారు కదా. బూటు మీద ఎండినా అదే బిగువు, పైగా తోలులోని చమురును కూడా లాగేసుకుంటుంది. అందుకని ఇంటికి రాగానే పై తోలు మీది మట్టిని తడిగుడ్డతో, గుడ్డ మారుస్తూ తుడిచేయండి. గోకొద్దు, మట్టిలోని సన్నటి ఇసుక గీతలు పెడుతుంది. అడుగున ఉన్నది ఆరనివ్వండి, మర్నాడు తడితే పెళ్లలుగా రాలుతుంది. లోపల పాత న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, గాలి తగిలే నీడలో పెట్టండి. రెండు గంటలకొకసారి పేపరు మార్చండి. వీలైతే రెండు జతలు పెట్టుకుని దినం మార్చి దినం వేసుకోండి. చెమట పూర్తిగా ఆరడానికి ఒక్క రాత్రి చాలదు.

ఇక ఆ తెలుపు. కొబ్బరినూనె చలికి గడ్డకడుతుందని అందరికీ తెలుసు. తోలులోకి దిగిన నూనె కూడా చలిరాత్రులలో పైకి తేలి తెల్లగా పేరుకుంటుంది. అరచేతితో గట్టిగా రుద్ది చూడండి. వేడికి కరిగి మాయమైతే నూనె. చుక్కలు చుక్కలుగా ఉండి ముక్కవాసన వస్తే బూజు. దాన్ని ఆరుబయట పొడిగుడ్డతో తుడిచి, బూటుకు బాగా గాలి తగలనివ్వాలి. కొబ్బరినూనె మానేయండి. నెలకు ఒకసారి షూ క్రీము బఠాణీ గింజంత తీసుకుని గుడ్డతో పట్టించి, పావుగంట తర్వాత బ్రష్ కొట్టండి. మెరుపు కావాలంటే పైన డబ్బా పాలిష్ పలచగా రాయండి. స్పాంజి మూతతో వచ్చే లిక్విడ్ పాలిష్ రోజూ పూస్తే పొర మీద పొర కట్టి, చివరికి ఆ పొరే పగులుతుంది.

సందేహం: పెళ్లికి కొన్న బూట్లు బీరువాలో దాచాను. ఆరేళ్ల తర్వాత తీసి వేసుకుంటే అడుగు పిండిలా రాలిపోయింది. వాడనే లేదు కదా!

జవాబు: వాడకపోవడమే కారణం. తేలికగా, మెత్తగా ఉండే పాలీయురేథేన్ అడుగు గాలిలోని తేమకు లోలోపలే విరిగిపోతుంది. మూసిన పెట్టెలో ఇంకా త్వరగా. పై తోలు బాగుంటే పారేయొద్దు, రబ్బరు అడుగు వేయించండి.

సందేహం: మా జేజినాయన కిర్రు చెప్పులు అటక మీద దొరికాయి. తోలు కట్టెలా బిగుసుకుపోయింది, ఒక పట్టీ ఊడింది. వీటిని బతికించవచ్చా?

జవాబు: బతికించవచ్చమ్మా. అది మీ బూట్ల తోలులాంటిది కాదు. ఈ రోజు బూట్ల పై తోలు చాలావరకు క్రోమియం ఉప్పుతో పదును చేసింది. జేజినాయన చెప్పుల తోలు లందలో నానినది. సున్నంలో వేసి వెంట్రుకలు తీసి, తంగేడు చెక్క, కరక్కాయ రసంలో రోజుల తరబడి ఊరవేసిన తోలు. మన దక్షిణాదిన ఇలా తంగేడుతో పదునైన తోలే ఒకప్పుడు మద్రాసు రేవు నుంచి ఈస్ట్ ఇండియా తోలు పేరుతో విదేశాలకు పోయింది.

ఆ పని చేసింది మాదిగవాడలు. ఆ కంపు, ఆ సున్నపు నీళ్లు చేతులు తినేస్తుంటే ఏడాది పొడుగునా ఊరికంతా చెప్పులు కుట్టి, కళ్లంలో మేర గింజలు తీసుకుపోయారు. కుట్టినవాళ్లు మాత్రం చాలా ఊళ్లలో పెద్దిళ్ల ముందు చెప్పులు చేతబట్టుకుని నడవాల్సి వచ్చింది. మీ చేతిలోని జతను చూసినప్పుడు జేజినాయనతో పాటు ఆ కుట్టినవారూ గుర్తుకు రావాలని నా కోరిక.

ముందు పొడి బ్రష్‌తో దుమ్ము దులపండి. బిగుసుకున్న తోలును వంచి చూడొద్దు, విరుగుతుంది. ఆముదం గోరువెచ్చగా చేసి, గుడ్డకు అంటించి, పైనా కిందా పలచగా పూసి, గుడ్డలో చుట్టి నీడలో ఉంచండి. మూడు రోజులకు మళ్లీ పూయండి. అలా నాలుగైదు సార్లు. ఒకేసారి ముంచితే తోలు మెత్తబడి కుట్లు వదులవుతాయి, పొరల మధ్య రాపిడి పోయి ఆ కిర్రుమనే చప్పుడూ పోతుంది. తోలు చేతికింద కొంచెం లొంగుతోంది అనిపించాకే పట్టీ కుట్టించండి. పెద్ద వయసు పనివారి దగ్గరికి తీసుకువెళ్లి, అడిగినంత ఇచ్చి, ఎదురుగా కూర్చోండి. ఆర కొత్తగా గుచ్చొద్దనీ, పాత రంధ్రాల్లోనే మైనం పట్టించిన దారం దూర్చమనీ చెప్పండి. ఎండిన తోలుకు కొత్త రంధ్రాలు పడితే ఆ గీత వెంబడే చిరుగుతుంది.