బ్రిటన్‌లో డెంటిస్టు కొలువు: ముందు కాంట్రాక్టు చదవండి

బీడీఎస్ పూర్తిచేసి బ్రిటన్ వైపు చూస్తున్న తెలుగు పిల్లల మాటలన్నీ ఓఆర్‌ఈ అనే అర్హత పరీక్ష చుట్టూనే తిరుగుతుంటాయి. మొదటి భాగానికి సీటు ఎప్పుడు దొరుకుతుంది, రెండో భాగంలో బొమ్మ దవడ మీద చేయించే పరీక్ష ఎలా ఉంటుంది, ఐఈఎల్‌టీఎస్‌లో మొత్తం మీద 7 తెచ్చుకుంటూ ఏ విభాగంలోనూ 6.5కు తగ్గకుండా ఎలా నెట్టుకురావాలి, దీనికి బదులు లండన్‌లోని రాయల్ కాలేజ్ ఆఫ్ సర్జన్స్ నడిపే ఎల్‌డీఎస్ రాస్తే త్వరగా తేలిపోతుందా... ఇవన్నీ అడగాల్సినవే. కానీ ఇవి మిమ్మల్ని జనరల్ డెంటల్ కౌన్సిల్ రిజిస్టరులో పేరు ఎక్కేదాకా మాత్రమే తీసుకెళ్తాయి. ఆ తర్వాత రోజుకు ఎంతమంది పేషెంట్లను చూడాలి, ఒక్కొక్కరికి ఎన్ని నిమిషాలు ఇవ్వగలరు, నెలాఖరుకు చేతికి ఎంత మిగులుతుంది అన్నది తేల్చేది వేరే కాగితం. మీరు చేరబోయే ప్రాక్టీసుకు ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్‌తో ఉన్న కాంట్రాక్టు అది. 2022 నుంచి అది పదేపదే మారుతోంది. ఈ మార్పులకు ఏ ప్రాక్టీసు ఎలా సర్దుకుంటోందో చూసుకుని కొలువు ఎంచుకోవాలని, ప్రకటనలో కనిపించే పౌండ్ల అంకెకు రెండో స్థానం ఇవ్వాలని నా వాదన.

మన దగ్గర దంత వైద్యం చాలావరకు నగదు వ్యవహారం. ఏ పనికి ఎంతో డాక్టరు చెబుతాడు, పేషెంటు కాస్త తగ్గించమంటాడు, ఒక అంకె దగ్గర ఇద్దరూ ఒప్పుకుంటారు. ఇంగ్లండ్‌లో 2006 ఏప్రిల్ నుంచి నడుస్తున్న పద్ధతికి దీనితో పోలికే లేదు. అక్కడ డెంటిస్టు పనిని యూడీఏ అనే యూనిట్లలో కొలుస్తారు. పరీక్ష, ఎక్స్‌రే, గార తీయడం వరకైతే 1 యూనిట్. ఫిల్లింగ్, రూట్ కెనాల్, పన్ను పీకడం ఉంటే 2022 నవంబరు దాకా 3. క్యాప్, బ్రిడ్జి, కట్టుడు పళ్లు అయితే 12. ఎన్నిసార్లు కూర్చోబెట్టారు, ఎన్ని పళ్లు బాగుచేశారు అన్నదానితో పని ఉండేది కాదు. అప్పట్లో ఒక్క చిన్న ఫిల్లింగ్ పెట్టినా 3 యూనిట్లే, అరడజను ఫిల్లింగులు పెట్టి, రెండు పళ్లు పీకి, దవడ పంటికి రూట్ కెనాల్ చేసినా అవే 3 యూనిట్లు. యూనిట్‌కు కనీస విలువను 2024లో 28 పౌండ్లు చేశారు. దాని ప్రకారం లెక్కవేస్తే ఆ రెండో పేషెంటు మీద గంటల తరబడి కష్టపడినా వచ్చేది 84 పౌండ్లు. అదే సమయంలో పళ్లు బాగున్నవాళ్లను వరుసగా పరీక్ష చేసి పంపిస్తే అంతకు ఎన్నో రెట్లు. నోరు ఎంత పాడైతే డాక్టరుకు అంత నష్టం అన్నమాట. ఇంకో విడ్డూరం ఉంది. 2025-26 రేట్ల ప్రకారం మామూలు పరీక్షకు పేషెంటు తన జేబులోంచి కట్టాల్సి వచ్చింది 27.40 పౌండ్లు. యూనిట్‌కు 28 పౌండ్లే వచ్చే ప్రాక్టీసులో ఫీజు మినహాయింపు లేని పేషెంటు వస్తే, ప్రభుత్వం కలిపింది కొన్ని పెన్నీలే.

ప్రాక్టీసు యజమానిని ఎక్కువగా బాధపెట్టేది మాత్రం ఈ రేటు కంటే రికవరీ. ఏడాదికి 10,000 యూనిట్లు, యూనిట్ 30 పౌండ్లు అనుకుందాం. మొత్తం 3 లక్షల పౌండ్లను పన్నెండు భాగాలు చేసి నెలకు 25,000 చొప్పున ముందే ఇస్తారు. ఏడాది చివర్లో కొలిచేసరికి 9,700 తేలితే ఆ 300 లోటును వచ్చే ఏడాదిలో పూడ్చుకోనిస్తారు. 96 శాతం కంటే తక్కువైతే డబ్బు వెనక్కి కట్టాల్సిందే. 9,000 దగ్గర ఆగిపోతే 30,000 పౌండ్లు పోయినట్టే, అప్పటికి అవి నర్సుల జీతాలకూ అద్దెకూ ఖర్చయిపోయి ఉంటాయి. ఒక డెంటిస్టు మధ్యలో మానేసి, ఆరు నెలలు ఆ కుర్చీ ఖాళీగా ఉంటే చాలు ఇలా జరగడానికి. డెంటిస్టులు దొరక్క ప్రాక్టీసులు ఎలా మూతపడుతున్నాయో అర్థం కావాలంటే ఈ లెక్క చూడాలి. 2023లో బూపా సంస్థ ఏకంగా 85 ప్రాక్టీసులను వదిలించుకుంటున్నట్టు ప్రకటించింది. బ్రిస్టల్‌లోని సెయింట్ పాల్స్ ప్రాంతంలో అలా మూతపడిన క్లినిక్ 2024 ఫిబ్రవరిలో కొత్త యాజమాన్యం కింద తెరుచుకున్నప్పుడు, ఎన్‌హెచ్‌ఎస్ పేషెంట్లుగా పేరు రాయించుకోవడానికి వందలమంది వీధిలో బారులు తీరారు. వాళ్లను అదుపు చేయడానికి పోలీసులు రావాల్సి వచ్చింది.

ప్రభుత్వం ఊరుకోలేదు, అలాగని గట్టిగా తెగించనూ లేదు. 2022 నవంబరులో ఆ 3 యూనిట్ల మెట్టును చీల్చారు. మూడు లేదా అంతకు మించి ఫిల్లింగులు ఉన్నా, దవడ పన్ను కాని పంటికి రూట్ కెనాల్ చేసినా 5, దవడ పంటికి చేస్తే 7. 2024 మార్చిలో, చాలాకాలంగా డెంటిస్టు ముఖం చూడని పేషెంటును చేర్చుకుంటే 15 లేదా 50 పౌండ్ల ప్రోత్సాహకం అన్నారు. ఏడాది తిరగ్గానే ఎత్తేశారు. కొత్త పేషెంట్ల సంఖ్య పెరగకపోగా తగ్గిందని పార్లమెంటు ప్రజా పద్దుల కమిటీ 2025లో తలంటింది. వైద్యం అందని ప్రాంతాలకు వెళ్లే 240 మందికి 20,000 పౌండ్ల చొప్పున ఇస్తామన్న పథకంలో, ఏడాది గడిచినా ఐదో వంతు మంది కూడా చేరలేదు. ఆ తర్వాత 2025 జులైలో మరో విడత ప్రతిపాదనలు వచ్చాయి. పంటి నొప్పితో హఠాత్తుగా వచ్చేవారికి ప్రతి ప్రాక్టీసూ కొంత సమయం కేటాయించాలని, పుచ్చు బాగా ముదిరినవారికీ చిగుళ్ల జబ్బు ఉన్నవారికీ నెలల తరబడి సాగే చికిత్సకు ప్రత్యేకంగా చెల్లించాలని, 2026 ఏప్రిల్ నుంచి ఇవి అమల్లోకి రావాలని వాటి సారాంశం. ఇదంతా ఇంగ్లండ్ సంగతి. స్కాట్లండ్‌లో అసలు యూడీఏలే లేవు, వేల్స్‌ది ఇంకో దారి. ఉద్యోగాల ఏజెన్సీవాళ్లు అన్నిటినీ కలిపి ‘యూకే’ అంటారు, జాగ్రత్త.

ఈ మార్పుల ముందు ప్రాక్టీసులు రకరకాలుగా నడుచుకుంటున్నాయి. కొన్ని పాత పద్ధతిలోనే, ఉన్న డెంటిస్టుల మీద యూనిట్ల బరువు పెంచుకుంటూ పోతున్నాయి. కొన్ని కాంట్రాక్టు తిరిగి ఇచ్చేసి పూర్తిగా ప్రైవేటు అయిపోతున్నాయి. గమనించాల్సింది మూడో రకాన్ని. అవి ముందు తమ కుర్చీ ఒక గంట నడవడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టాయి. చేయగలిగినన్ని యూనిట్లకే కాంట్రాక్టును తగ్గించుకుని రికవరీ భయం పోగొట్టుకున్నాయి. పిల్లల పళ్లు, మామూలు ఫిల్లింగులు, గార తీయడం వంటివి డెంటల్ థెరపిస్టులకు అప్పగించాయి. బ్రిటన్‌లో థెరపిస్టు 2013 నుంచి డెంటిస్టు చీటీ లేకుండానే పేషెంటును చూడొచ్చు. ఎన్‌హెచ్‌ఎస్ చికిత్సను కూడా తనే మొదలుపెట్టొచ్చని 2023లో స్పష్టం చేశారు. అలా మిగిలిన డెంటిస్టు సమయం రూట్ కెనాల్‌కూ, నొప్పితో వచ్చినవారికీ పోతుంది. కొత్తగా డబ్బు వస్తున్నదీ వాటికే. కొత్త పేషెంట్ల ప్రోత్సాహకాన్ని నమ్ముకుని ఖర్చు పెంచుకున్నవాళ్లు 2025 మార్చిలో దెబ్బతిన్నారు. గంట ఖర్చు తెలిసినవాళ్లకు రూలు ఎటు మారినా లెక్క తిరిగి వేసుకోవడమే పని. కొత్త డెంటిస్టు కుదురుగా పని నేర్చుకోగలిగేది ఇలాంటి చోటే.

ఇంత తలనొప్పి ఎందుకు, నేరుగా ప్రైవేటులో చేరిపోతే పోలేదా అని అడగొచ్చు. రూలు ప్రకారం వీలుంది. ప్రైవేటుకు రిజిస్ట్రేషన్ ఒక్కటే చాలు. ఎన్‌హెచ్‌ఎస్‌లో చేయాలంటేనే పెర్ఫార్మర్స్ లిస్టులో పేరుండాలి, బయటి దేశాల్లో చదివినవారు దానికి సాధారణంగా పీఎల్‌వీఈ అనే పర్యవేక్షణ కాలం గడపాలి. కానీ ప్రైవేటు పేషెంటు వందల పౌండ్లు పెట్టేది తనకు నమ్మకం కుదిరిన డాక్టరు చేతిలోనే. ఊరు, యాస, మనుషుల తీరు ఇంకా అలవాటు కాని మొదటి రెండేళ్లలో ఆ నమ్మకం సంపాదించడం కష్టం. ఎన్‌హెచ్‌ఎస్‌లో పేషెంట్లు వెతుక్కుంటూ వస్తారు. నాకు తెలిసినంతలో పీఎల్‌వీఈని భారంగా కాక, సంపాదిస్తూ నేర్చుకునే అవకాశంగా చూసుకోవడమే తెలివి. పూర్తి ప్రైవేటు దారి తప్పని కాదు, ఇంప్లాంట్లో ఆర్థోనో చేతికి పట్టుబడ్డాక పోవాల్సిన దారి అది.

కాంట్రాక్టు యజమాని గొడవ, మనకెందుకు అనేవాళ్లూ ఉంటారు. అక్కడ ప్రాక్టీసుల్లో డెంటిస్టులు ఎక్కువమంది అసోసియేట్లు, అంటే జీతగాళ్లు కాదు. చేసిన యూనిట్‌కు ఇంత అని పుచ్చుకునే స్వయం ఉపాధిదారులు. యజమానికి యూనిట్‌కు 30 వచ్చినా అసోసియేట్ చేతికి అందేది అందులో వాటా మాత్రమే. ల్యాబ్ బిల్లులో సగం తన నెత్తినే పడొచ్చు. లక్ష్యం చేరకపోతే రికవరీలో తన వంతూ ఉంటుందని అగ్రిమెంటులో ఒక మూల రాసి ఉండొచ్చు. ఇక డబ్బు లెక్కలు వైద్యాన్ని చెడగొడతాయన్న అభ్యంతరానికి బరువుంది. 3 యూనిట్ల కాలంలో, బాగుచేయగలిగిన దవడ పన్ను పీకించుకోవడమే నయమని సలహా ఇచ్చే ప్రలోభం పద్ధతిలోనే ఉండేదని ఏళ్లుగా విమర్శ ఉంది. అయితే లెక్క తెలియని డాక్టరుకే ఆ ప్రలోభం ఎక్కడ పొంచి ఉందో తెలియదు. ఏ పని నష్టమో ముందే తెలిస్తే, ఆ నష్టాన్ని పేషెంటు నోటి మీద కాకుండా అపాయింట్‌మెంట్ పుస్తకంలో సర్దుకోవచ్చు.

అందుకే ఇంటర్వ్యూలో మీరూ ప్రశ్నలు అడగండి. ఏడాది లక్ష్యం ఎన్ని యూనిట్లు, మొదటి ఆరు నెలలు దాన్ని తగ్గిస్తారా? కిందటేడు ప్రాక్టీసు ఎంత శాతం పూర్తిచేసింది, డబ్బు వెనక్కి కట్టిందా? కొత్త పేషెంటుకు ఎన్ని నిమిషాలు? థెరపిస్టు ఉన్నారా, ఏ పనులు వాళ్లకు పంపుతారు? పీఎల్‌వీఈలో మీకు పర్యవేక్షకులెవరు, వారు అదే భవనంలో కూర్చుంటారా లేక నెలకోసారి ఫోన్ చేస్తారా? కిందటేడు ఎంతమంది అసోసియేట్లు మానేశారు? చివరి ప్రశ్నకు యజమాని తడుముకుంటే మిగతా జవాబులు ఎంత బాగున్నా ఆలోచించుకోవాలి. ఇక్కడ ఇంటర్న్‌షిప్ చేస్తున్నప్పుడే దీనికి సన్నాహం మొదలుపెట్టొచ్చు. దవడ పళ్ల రూట్ కెనాల్స్ వీలైనన్ని చేయండి, పక్కన గడియారం పెట్టుకుని ఒక్కోదానికి ఎంత పట్టిందో రాసుకోండి. కేసు షీటు పూర్తిగా నింపడం అలవాటు చేసుకోండి. ఇంగ్లండ్‌లో రికార్డు రాయడానికి పట్టే సమయం కూడా ఆ అపాయింట్‌మెంట్‌లోంచే పోతుంది, దానికి వేరే యూనిట్ లేదు.