గింజలో ఏముంది, మరలో ఏం కలిసింది

చి. అమ్మలుకి,

నీకు సీలియాక్ అని తేలిందనీ, అప్పట్నుంచి ఫోన్లో వీడియోలు చూస్తూనే ఉన్నావనీ మీ అమ్మ చెప్పింది. కషాయంతో తగ్గిపోతుందని ఎవరో చెప్పారట. ఇది తగ్గిపోయే జబ్బు కాదు తల్లీ. గోధుమ, బార్లీ, రై గింజల్లోని గ్లూటెన్ కడుపులోకి వెళ్లినప్పుడల్లా మన రోగనిరోధక వ్యవస్థే చిన్నపేగును దెబ్బతీస్తుంది. జీవితాంతం గ్లూటెన్ లేని తిండి తినడమే దీనికి వైద్యం. నయం చేస్తానంటూ పొడులు అమ్మేవాళ్ల మాట వినకు.

గోధుమ మీద డచ్ పిల్లల వైద్యుడు విల్లెం డికేకి ముందే అనుమానం ఉండేది. 1944-45 చలికాలపు కరువులో రొట్టె దొరక్కపోయినా సీలియాక్ పిల్లలు తేరుకోవడంతో అది బలపడింది. అయినా అంతటితో ఆగలేదు. పిల్లలకు గోధుమ మాన్పించి, మళ్లీ పెట్టి, తేడా చూసి 1950లో సిద్ధాంత గ్రంథం రాశాడు. నీకు సలహా ఇచ్చేవాళ్లు ఇలా ఏం పరీక్షించి చెబుతున్నారో అడుగు.

అన్నం తినే ఇల్లే కదా అని ధీమాగా ఉండకు. ఇంగువ డబ్బా తిప్పి చిన్న అక్షరాలు చదువు. చాలావాటిలో గోధుమపిండో మైదానో కలుపుతారు. పులిహోరలో, పప్పుచారులో, పచ్చళ్ల పోపులో పడేది అదే. మాల్టు పానీయాల్లో బార్లీ, సోయా సాస్‌లో గోధుమ ఉంటాయి. ఉప్మారవ్వ, సేమ్యా సంగతి సరేసరి. మన దేశంలో గ్లూటెన్ రహితమని రాయాలంటే కిలోకి 20 మిల్లీగ్రాములు మించకూడదు. ఆ మాట ఉన్న ప్యాకెట్లే కొను.

పేగు దెబ్బతింటే కాల్షియం, ఇనుము సరిగా ఒంటబట్టవు. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో వేసిన ఆహార విలువల పట్టిక దగ్గర పెట్టుకో. వంద గ్రాముల రాగుల్లో 360 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉందని అందులో కనిపిస్తుంది. రాగుల్లో గ్లూటెనూ లేదు. కానీ ఆ పట్టిక గింజ సంగతే చెబుతుంది. నీ రాగులకు ముందు పిండిమరలో గోధుమలు ఆడించి ఉంటే ఆ పిండి నీ సంచిలోకీ వస్తుంది. అందుకే ఇంట్లోనే మిక్సీలో పట్టుకో. మందుబిళ్లల్లోనూ గోధుమ గంజిపొడి ఉండొచ్చు, మందుల షాపులో అడుగు.

తమ్ముడికీ రక్తపరీక్ష చేయించమను. ఈ జబ్బు రక్తసంబంధీకుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. పరీక్ష అయ్యేదాకా వాణ్ణి చపాతీలు మానొద్దను. మానేస్తే యాంటీబాడీలు తగ్గి, జబ్బు ఉన్నా లేనట్టే రావచ్చు.

మీ పెద్దమ్మ