పక్షి కనిపించిన చోటును ఎంత కచ్చితంగా నమోదు చేయాలి?

పక్షిని చూసిన నమోదులో జాతి, తేదీల మీద ఉన్న శ్రద్ధ చోటు మీద ఉండదు. ‘కొల్లేరులో చూశాం’ అంటే 300 చదరపు కిలోమీటర్లు దాటిన అభయారణ్యంలో ఎక్కడైనా కావచ్చు.

అక్షాంశాన్ని దశాంశ బిందువు తర్వాత రెండు అంకెల వరకు రాస్తే సుమారు 1.1 కిలోమీటర్లు, నాలుగు అంకెలైతే సుమారు 11 మీటర్ల మేరకు చోటు తేలుతుంది. పక్షుల లెక్కకు నాలుగు చాలు; ఏడెనిమిది అంకెలు ఉత్త ఆర్భాటం. ఇక్కడో తిరకాసుంది: ఫోను జీపీఎస్ చెప్పేది మనిషి నిలబడ్డ చోటు, పక్షి వాలిన చోటు కాదు. చెరువు అవతలి గట్టున గూడబాతులు కనిపిస్తే ఆ దూరం, దిక్కు వివరాల్లో రాయాలి.

పక్షుల జాబితాలు నమోదు చేసే ఆన్‌లైన్ వేదిక ఈబర్డ్‌లో, నడుస్తూ చేసిన జాబితాకు పటం మీద ఒకే గుర్తు పడుతుంది. అందుకే పొడవాటి నడకను ముక్కలు చేసి, ఆవాసం మారినచోట కొత్త జాబితా మొదలుపెట్టడం మేలు. రోజంతా జిల్లా తిరిగి ఇంటి దగ్గర గుర్తు పెడితే పొలం పిట్ట ఊరి పిట్ట అయిపోతుంది.

కచ్చితత్వం విలువకు కలివికోడే సాక్ష్యం. 1986లో కడప జిల్లాలో మళ్లీ దొరికిన ఈ పక్షి ఆవాసం తెలిసింది కాబట్టే తెలుగుగంగ కాలువ దారి మార్చగలిగారు. అయితే ఇలాంటి అరుదైన పక్షుల గూళ్ల చోటు కచ్చితంగా రాసుకోవాలి గానీ బయటపెట్టకూడదు. వేట ముప్పున్న కొన్ని జాతుల చోటును ఈబర్డ్ కూడా దాచి, సుమారు 20 కిలోమీటర్ల గడిగా మాత్రమే చూపుతుంది.