రెండవమారు ముట్టబడిన కన్నులు

చదువవలసిన భాగములు: మార్కు 8:22–26, అపొ. కార్యములు 10, యాకోబు 2:1–9



బేత్సయిదాలో మన ప్రభువు ఒక గ్రుడ్డివానిని స్వస్థపరచిన సంగతి మనమందరము ఎరిగినదే. మొదటిమారు ముట్టినప్పుడు వానికి చూపు వచ్చెను గాని తేటగా రాలేదు. నడచు మనుష్యులు వాని కంటికి చెట్లవలె తోచిరి. వాడు ఆ సంగతిని దాచక ప్రభువుతో చెప్పెను. రెండవమారు ముట్టిన తరువాతనే సమస్తము స్పష్టమాయెను. చూపు పొందినవారికిని తోటిమనుష్యుడు సరిగా కనబడకపోవచ్చునని ఇందువలన నేర్చుకొనుచున్నాము.

అమెరికాలో డాక్టరు ఆగస్టస్ వైట్ గారు ఈ కొరతనే వైద్యశాలలలో కనిపెట్టిరి. ఆయన 1936లో మెంఫిస్ పట్టణమున నల్లజాతి కుటుంబములో పుట్టిరి. 1961లో స్టాన్‌ఫర్డ్ వైద్యకళాశాలలో పట్టము పొందిరి. అక్కడ పట్టభద్రుడైన మొదటి నల్లజాతివాడు ఆయనే. ఎముకల శస్త్రవైద్యుడై, వియత్నాం యుద్ధకాలమున గాయపడిన సైనికులకు చికిత్స చేయుచు, అక్కడి కుష్ఠరోగులకును సేవచేసిరి. 2011లో ప్రచురించిన తన గ్రంథములో, వైద్యుని మనస్సున వానికే తెలియక దాగియుండు పక్షపాతమును గూర్చి వ్రాసిరి.

ఈ పక్షపాతము ద్వేషము వంటిది కాదు. ద్వేషించువాడు తన ద్వేషమును ఎరిగియుండును. ఇదైతే చిన్ననాటినుండి విన్న మాటలవలన మనస్సులో నాటుకొని, అలసటలోను తొందరలోను మనకంటె ముందుగా తీర్పు తీర్చును. 2016లో వర్జీనియాలో జరిగిన పరిశోధనలో, తెల్లజాతి వైద్యవిద్యార్థులలోను యువవైద్యులలోను సుమారు సగముమంది నల్లవారి శరీరమును గూర్చిన తప్పుడు నమ్మకములలో ఒకదానినైనను నిజమని తలంచిరి. నల్లవారి చర్మము దళసరియనునది వాటిలో ఒకటి. అట్లు నమ్మినవారు నల్లజాతి రోగి బాధను తక్కువగా అంచనా వేసిరి, చికిత్స నిర్ణయించుటలోను ఎక్కువగా తప్పిరి. వారు దుర్మార్గులు కారు, రోగులను బాగుచేయగోరి చదువుకొనుచున్నవారే. అయినను ఎదుట మూలుగుచున్న మనిషి వారికి సరిగా కనబడలేదు.

తెలిసి చేసిన అన్యాయమును కలదు. అలబామా రాష్ట్రములోని టస్కెగీలో 1932 మొదలుకొని 1972 వరకు, ప్రభుత్వ ఆరోగ్యశాఖవారు సవాయి రోగముగల సుమారు 400 మంది నల్లజాతి పురుషులకు నిజము చెప్పక, రోగము ఎట్లు ముదురునో చూచుచుండిరి. పెన్సిలిన్ మందు వచ్చిన తరువాతను వారికియ్యలేదు. 1997లో అధ్యక్షుడు క్లింటన్ దేశము పక్షమున క్షమాపణ చెప్పిరి. అప్పటికి బ్రదికియున్నవారు 8 మంది మాత్రమే. ఆలస్యమైనను ఆ ఒప్పుకోలు అవసరమే. దాచిన పుండు మానదు గదా.

దీనికి మందేమి? మొదటిది, ఈ దోషము నాలోను ఉన్నదని ఒప్పుకొనుట. రెండవది, తీర్పునకు ముందు ఒక నిమిషమాగి, ఈ రోగి నా ఇంటివాడైనయెడల ఇదే చేయుదునా అని తన్ను తాను ప్రశ్నించుకొనుట. మూడవది, రోగి మాటను పూర్తిగా వినుట. నాలుగవది, ఆసుపత్రి లెక్కలు తీసి, ఎవరికి ఏ చికిత్స అందినదో పోల్చి చూచుట. మంచి మనస్సు మాత్రమే చాలదు.

పేతురును జ్ఞాపకము చేసికొందము. పెంతెకొస్తు దినమున ఆత్మను పొందినవాడే యొప్పేలో మేడమీద అన్యజనులను గూర్చి క్రొత్త పాఠము నేర్చుకొనవలసివచ్చెను. మనము పేతురుకంటె గొప్పవారమా? మన గుడిలోనికి క్రొత్తవాడు వచ్చినప్పుడు, వాని ముఖము చూడకమునుపే ఏ పేటవాడు, ఏ కులమువాడు అని మన మనస్సు అడుగుటలేదా? పెద్దింటివానికి కుర్చీ వేసి, కూలివానికి చాప చూపుటలేదా? యాకోబు మందలించినది ఈ పాపమునే.

ఈ నెల ఇంటిలో ఆలోచింపవలసినవి:

1. ఎవరి మాటను మనము సగము విని విడిచిపెట్టుచున్నాము?
2. ఎవరి బాధను తక్కువగా ఎంచితిమి? వారియొద్దకు వెళ్లి ఒప్పుకొందుమా?

ప్రార్థన: ప్రభువా, మాకు చూపు ఇచ్చితివి. అయినను మనుష్యులు మాకింకను తేటగా కనబడుటలేదని ఒప్పుకొనుచున్నాము. మా కన్నులను మరల ముట్టుము. ఆమేన్.