పిలుపు – మారుపలుకు: బాలలకు స్వరజ్ఞానము

యాత్రకు బయలుదేరు గుంపులో పెద్దవా రొకరు స్వామి నామము నెత్తినంతనే తక్కినవారందరును "గోవిందా" యని బదులు పలుకుట మనమెరిగినదే. తల్లి చంకనున్న బిడ్డయు ఆ బదులులో గొంతు కలుపును. ఆ బిడ్డకు ఎవరును పాఠము చెప్పలేదు. వినెను, పలికెను. సంగీతవిద్యకు మొదటి మెట్టు ఇదియే.

చర్లపల్లి, నాచారము, ఉప్పల్ ప్రాంతములలో పలు జిల్లాలనుండి బ్రతుకుతెరువునకై వచ్చి స్థిరపడిన కుటుంబములు ఎన్నియో కలవు. స్వగ్రామపు భజనగోష్ఠి అట్టివారికి దూరమైనది. తాతగారికి వచ్చిన వరుసలు మనుమనికి రాకుండ పోవుచున్నవి. ఇది చిన్న లోటు కాదు.

తాళ్ళపాక అన్నమాచార్యులు (1408–1503) ముప్పదిరెండువేల సంకీర్తనలు రచించిరని ప్రతీతి. ఆ సంకీర్తనములను రాగిరేకులపై చెక్కించి తిరుమలలో భద్రపరచిరి. రేకులపై సాహిత్యము కలదు, రాగముల పేర్లును కలవు. స్వరలిపి మాత్రము లేదు. పాడువారి పరంపర తెగినంతనే పెక్కింటి వరుసలు మరుగుపడెను. తరువాతి కాలమున రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు (1893–1979) మొదలగు విద్వాంసులు వానికి మరల స్వరములు కూర్చవలసి వచ్చినది. ఇందుకు భిన్నముగా, గోలకొండ చెరలో మ్రగ్గిన భద్రాచల రామదాసుగారి కీర్తనలు భజనగోష్ఠులలో నోటినుండి నోటికి ప్రాకినవి. ఊరూర వరుస కొంత మారినను పాట నిలిచినది. కావున పాటను కాచునవి రెండు: మారుపలుకు నోరు, స్వరము వ్రాయు చేయి. బాలలకు ఈ రెండును ఈ క్రమముననే అలవరచవలెను.

మొదట శ్రుతి. తంబురాగాని, శ్రుతిపెట్టెగాని మ్రోగుచుండగా బిడ్డను కొంతసేపు ఊరకయే విననిండు. పిమ్మట షడ్జమును నిలిపి పాడి, అతనిచే మారు పలికింపుడు. పురుషుని కంఠము బాలుని కంఠముకంటె సామాన్యముగా ఒక స్థాయి క్రింద పలుకును. దానిని అనుకరింపబోయి పిల్లలు గొంతును బిగించి తడబడుదురు. కావున తల్లిగాని, అక్కగాని పిలుపు నెత్తుట మేలు.

పిదప మూడు స్వరముల పిలుపు. మోహనరాగమున మధ్యమ నిషాదములు లేవు. స్వరముల నడుమ ఎడము స్పష్టముగా నుండుటచే పసిచెవికి తేలికగా పట్టుబడును. ఆదితాళమున "గోవిందా" యను నామమును ఇట్లు పలుకవచ్చును:

గ , రి , | స , | , , ||
గో , విం , | దా , | , , ||

పెద్దలు ఒక ఆవృత్తము పాడగా పిల్లలు ఒక ఆవృత్తము మారు పాడవలెను. కొన్నిదినములైన పిమ్మట అదే వరుసను నామమునకు బదులు "గ రి స" యని స్వరములతో పిలువుడు. తాను పాడుచున్నదానికే పేరున్నదని బిడ్డ అప్పుడు గ్రహించును. అటుపిమ్మటనే పలక చేతికిండు. స్వరాక్షరము ఒక అక్షరకాలము, ప్రక్కన కామా మరియొక అక్షరకాలము, తాళాంగము ముగిసినచోట ఒక నిలువుగీత, ఆవృత్తము ముగిసినచోట రెండు గీతలు. ఈ వ్రాత మనకు పరాయిది కాదు. సుబ్బరామ దీక్షితులవారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురమున తెలుగులిపిలోనే స్వరసహితముగ అచ్చైనది. హంగరీ దేశమున కొడాయ్ (1882–1967) అను సంగీతవేత్తయు పాట ముందు, వ్రాత వెనుక అను పద్ధతినే బాలలకు విధించెను.

ఒక హెచ్చరిక. శ్రుతి కలియని బిడ్డను "నీకు గొంతు లేదు" అని కూర్చుండబెట్టరాదు. ఆ మాట పడిన పసివాడు పెద్దవాడైనను గోష్ఠిలో పెదవి విప్పడు. అతడు పలికిన స్వరమేదో దానినే మీరు పలుకుడు. రెండు గొంతులు కలిసినప్పటి హాయిని అతడు ఒకసారి చవిచూచిన చాలును. అక్కడనుండి ఒక్కొక్క స్వరముగ మీ శ్రుతికి తీసికొనిరండు. పలువురి నడుమ మారు పలుకుటలో తప్పు దాగును, ఒప్పు నిలుచును. పిరికి బిడ్డకును ధైర్యము కలుగును.

సాయంకాలము దీపము పెట్టిన పిమ్మట పదినిమిషములు చాలును. ఒక నామము, మూడు స్వరములు, ఒక పలక. తాతగారికి వచ్చిన వరుస ఒక్కటైనను ఈ నెలలో మనుమని నోట పలికించి, అతనిచేతనే వ్రాయింపుడు. రేపు అతడే పిలుపు నెత్తును. మారు పలుకుట మన వంతగును.