బొమ్మతో పాటు పేరును రావలెను

హైదరాబాదు నగరమున మూసీనదికి చేరువగా నున్న ఉస్మాన్‌గంజ్ టోకు వర్తకమునకు పేరొందిన బజారు. అట్టి గంజులలో సరుకునకు తూకమెంత ముఖ్యమో ఊరు పేరును అంత ముఖ్యము. ఇది ఎక్కడి పసుపు, ఇవి ఏ సీమ మిరపకాయలు అని కొనువాడు మొదట అడుగును. దానిని బట్టియే ధర పలుకును. ఈ సంగతి మన రైతు సోదరులకు క్రొత్త కాదు. కాని గిరిజన యువతీయువకులు గీసిన బొమ్మ నగరమునకు వచ్చునప్పుడు ఈ నియమమును మనము తరచుగా మరచుచున్నాము. బొమ్మ గోడ కెక్కును. గీసినవారి పేరు, వారి గూడెము పేరు దారిలోనే జారిపోవును.

మన గిరిజనుల కళాసంపద కొంచెము కాదు. శ్రీకాకుళము, పార్వతీపురము కొండలలో సవరలు ఎఱ్ఱమట్టి గోడలపై తెల్లని వరిపిండితో మనుష్యులను, మృగములను, చెట్లను చిత్రింతురు. కోయలకు వేల్పుల కథలు తెలుపు గుడ్డ పడిగెలు కలవు. నాయకపోడులకు కొయ్య ముఖములు కలవు. ఉషేగావ్, కేస్లాగూడ గ్రామముల ఓజాలు మైనముతో రూపము చేసి, దానిపై మట్టి పూసి కాల్చి, మైనము కరగిన చోట కరగించిన ఇత్తడిని పోయుదురు. ఈ ఆదిలాబాదు డోక్రా పనికి 2018లో భౌగోళిక గుర్తింపు లభించినది. మార్లవాయి వాసి కనక రాజుగారు గుస్సాడీ నృత్యమును యువకులకు నేర్పి 2021లో పద్మశ్రీ బిరుదు నందిరి. 2024లో వారు దివంగతులైరి.

పేరు నిలిచినచో ఏమి జరుగునో ఒక ఉదాహరణము చూతము. మధ్యప్రదేశ్‌లోని పాటన్‌గఢ్ గ్రామమున జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అను గోండు యువకుడు ఇండ్ల గోడలపై బొమ్మలు వేసెడివాడు. 1980 దశాబ్ది తొలి యేండ్లలో భోపాలు భారత్ భవన్ కొఱకు జె. స్వామినాథన్ పంపిన చిత్రకారులు వానిని చూచి యాతనిని నగరమునకు రప్పించిరి. ఆతని చిత్రములు ఆతని పేరుతోనే ప్రదర్శింపబడినవి. 1989లో పారిస్ ప్రదర్శనకు కూడ వెళ్ళినవి. ఆతని వెనుక బంధువులు పలువురు కుంచె పట్టిరి. వారిలో భజ్జు శ్యామ్ 2018లో పద్మశ్రీ నందెను. కాని జన్‌గఢ్ 2001లో జపానులోని ఒక మ్యూజియమున పని చేయుచు, స్వగ్రామమునకు దూరముగా, నలువది యేండ్లు నిండకుండనే ఆత్మహత్య చేసికొనెను. బొమ్మ దూరదేశము చేరినంత మాత్రమున చాలదు. గీసినవాని క్షేమమును విచారించువారును ఉండవలెనని ఈ కథ మనకు తెలుపుచున్నది.

కావున ఉపాధ్యాయులు, గ్రామ పెద్దలు, యువజన సంఘములవారు ఈ క్రింది విషయములు గమనింపగోరుచున్నాము.

మొదటిది: ప్రతి బొమ్మ వెనుకను గీసినవారి పేరు, గ్రామము, సంవత్సరము, బొమ్మలోని కథ రెండు మాటలలో వ్రాయింపవలెను. ప్రదర్శనలో ఆ వివరములు బొమ్మ ప్రక్కనే కనబడవలెను.

రెండవది: ముందుగా గూడెపు పెద్దల నడుగవలెను. పూజలోని పడిగె, కొయ్య ముఖము అంగడి వస్తువులు కావు. ఏది చూపవచ్చునో, ఏది చూపరాదో నిర్ణయింపవలసినది వారే.

మూడవది: బొమ్మ నమ్మినంతనే దానిని అచ్చు వేసికొను హక్కు కొన్నవానికి చేరదు. 1957 నాటి కాపీరైటు చట్టము ప్రకారము, సొంతముగా గీసిన బొమ్మపై ఆ హక్కు సాధారణముగా గీసినవారిదే. నమోదు చేయించకున్నను అది యుండును. వారి తరువాత 60 సంవత్సరముల వఱకు నిలుచును. హక్కును బదిలీ చేయుటకు వ్రాతపత్రము, సంతకము కావలెను. అందు గడువు చెప్పనిచో అయిదేండ్లుగా నెంచబడును. కావున కేలండరుకో, పుస్తకమునకో బొమ్మ నడిగినచో ఎన్ని ప్రతులు, ఎంత సొమ్ము, ఎంత కాలము అను మూడు మాటలు కాగితముపై నుండవలెను.

నాలుగవది: 18 సంవత్సరములు నిండనివారు ఒప్పందము చేసికొనుటకు అర్హులు కారు. ఆశ్రమ పాఠశాలల పిల్లల బొమ్మలను పైకి పంపునప్పుడు తలిదండ్రులకు వారి భాషలో సంగతి వివరించి సమ్మతి తీసికొనవలెను. ఇట్టివారి బొమ్మ క్రింద పేరు, ఊరు ఎంతవఱకు ప్రకటించవలెనో కూడ తలిదండ్రులనే అడుగవలెను. సొమ్ము వచ్చినచో అది పిల్లవానికే చేరవలెను.

అడవిలో ఏరిన చింతపండు, జిగురు, తేనెలకు న్యాయమైన ధర లభింపవలెనని 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడినది. చేతి పంటకు కావలసిన న్యాయము చేతి కళకును కావలెను. నగరమునకు వచ్చు గ్రామస్థులు మాసబ్‌ట్యాంకులోని నెహ్రూ శతజయంతి గిరిజన మ్యూజియమును తమ పిల్లలకు చూపుదురు గాక. ఒక బొమ్మను మెచ్చుకొనునప్పుడు ఇది ఎవరు గీసిరి, ఏ ఊరివారు అని అడుగుట మనమందఱము అలవరచుకొందము. గంజులో పసుపు నడిగినట్లే అడుగుదము. అడుగువారున్నచో చెప్పువారును ఉందురు.